కాశీ చెంత రాలిన రాళ్లు

1798వ సంవత్సరము డిసెంబరు 19వ తేదీ, రాత్రి ఎనిమిది గంటల వేళ. కాశీ నగరములో జడ్జీగా నున్న శామ్యూల్ డేవిస్ అను ఆంగ్లేయుడు తన ఇంట ఒక గదిలో నుండెను. ఆ గదికి అద్దాల కిటికీ. నేలమీద ముదురు రంగు తివాచీ. ఉన్నట్లుండి కిటికీలోనుండి వెలుగు చొచ్చివచ్చినది. అద్దముల నడుమనున్న కమ్ముల నీడలు ఆ తివాచీమీద గీతలు గీసినట్లు స్పష్టముగా పడినవి. మిక్కిలి ప్రకాశించు వెన్నెల యెంత వెలుగు నిచ్చునో ఆ వెలుగు అంత ఉండెనని ఆయన తరువాత చెప్పెను.

ఆయన చెప్పిన మాటలో అగ్నిగోళము లేదు, నీడ యున్నది. కాని నీడ పడినదనుటలో ఒక కొలత యున్నది. "అబ్బో, ఎంత వెలుగు!" అని ఊరకున్నచో అది ఆశ్చర్యము మాత్రమే. ముదురు రంగు తివాచీమీద కూడ కిటికీకమ్ముల నీడ పడినదని చెప్పినచో అది సాక్ష్యమగును.

శ్రోతలలో పలువురు చుక్క రాలుట చూచియే యుందురు. వేసవి రాత్రులలో ఆరుబయట మంచము వేసికొని పండుకొన్నవారికి అది వింత కాదు. పుణ్యము తీరిన జీవుడు దిగివచ్చుచున్నాడని పెద్దలు చెప్పుదురు. ఆ చుక్కలు సన్నని గీతలవలె మెరసి మాయమగును. కాని ఎప్పుడో యొకసారి శుక్రుని మించిన కాంతితో, నీడలు పడునంతటి వెలుగుతో, ఒక నిప్పుబంతి ఆకాశమును చీల్చుకొని పోవును. కొన్ని క్షణములలో అంతయు ముగియును. చూచినవాడు ప్రక్కవానిని పిలుచునంతలో చీకటియే మిగులును. మరునాడు అతడు చెప్పిన మాటను ఎవరు నమ్మవలెను? దానితోపాటు "ఆకాశమునుండి రాళ్లు కూడ పడినవి" అని అతడు చెప్పినచో? ఈ ప్రశ్న 18వ శతాబ్దము చివర ఐరోపా పండితులను చాలకాలము చిక్కులలో పెట్టినది. అది తీరుటలో కాశీకి 14 మైళ్ల దూరముననున్న ఒక పల్లెకును, ఆ పల్లె చెంత కాపలా కాయు ఒక చౌకీదారునకును గల పాత్రను ఈనాడు ముచ్చటింపదలచితిని.

ముందుగా ఆనాటి పండితుల మనఃస్థితిని కొంత చెప్పవలెను. 1768 సెప్టెంబరు 13వ తేదీన ఫ్రాన్సు దేశములోని లూసే అను గ్రామములో పొలము పనులు చేసికొనుచున్నవారు ఉరుమువంటి ధ్వని విని తలయెత్తి చూడగా, ఒక రాయి పైనుండి వచ్చి నేలలో సగము వరకు దిగినది. తాకలేనంత వేడిగా నున్నదని వారు చెప్పిరి. ఆ రాయి పారిస్‌లోని సైన్సు అకాడమీకి చేరినది. దానిని పరీక్షించుటకు నియమింపబడిన ముగ్గురిలో ఒకడు లవోయిజే. రసాయనశాస్త్రమునకు తండ్రియని తరువాతికాలము ఆయనను కొనియాడినది. అప్పటికి ముప్పదియేండ్లు నిండని యువకుడు. ఆ ముగ్గురును రాతిని పొడిచేసి, కరగించి, అందులో గంధకమును ఇనుమును ఉన్నవని కనుగొనిరి. పిమ్మట తీర్పు చెప్పిరి: ఈ రాయి ఆకాశమునుండి పడలేదు, పలుచని పచ్చికపొర క్రింద నేలలోనే ఉండగా దానిమీద పిడుగుపడినది, ఆ వేడికి పైపొర నల్లబడినది. విశ్లేషణమున ఆనాటికి తప్పు పట్టుటకు లేదు. తీర్పు తప్పు. నలుగురు కన్నులార చూచి చెప్పినమాటకు ఆ తీర్పులో చోటే లేకపోయినది.

ఇంతకంటె చోద్యము 1790లో జరిగినది. ఆ సంవత్సరము జూలై 24వ తేదీ రాత్రి ఫ్రాన్సు దక్షిణభాగమున ఒక పెద్ద అగ్నిగోళము కనబడి, బార్బొతాన్ ప్రాంతములో రాళ్లు కురిసినవి. అచటి గ్రామపెద్దయు సభ్యులును జరిగినదంతయు వ్రాసి, మూడువందలకు పైగా మనుష్యులు సాక్షులని చెప్పి పంపిరి. ఆ పత్రము అచ్చయినది గాని, దాని క్రింద ఒక పండితుని పరిహాసము కూడ అచ్చయినది. పల్లెటూరి కట్టుకథలకు ఒక పురపాలక సంఘము ముద్రవేయుట ఎంత జాలిపడదగిన విషయమని ఆయన బాధపడెను.

ఈ పండితులను ఎగతాళి చేయుట మనకు సులభము. నాకు అట్లు చేయ మనసొప్పదు. వారి ముందుతరములవారు నెత్తురువానలు, పాలవానలు, ఆకాశములో కత్తులు దూయు సైన్యములు అనువాటిని అచ్చువేసి, నమ్మి, భయపడి బ్రతికినవారు. ఆ తలుపు మూయుటకు ఎంతో శ్రమపడినవారికి రాతివానను గూర్చి వినినంతనే అది మరల తెరచుకొనునేమో యను భయము కలుగుట సహజము. పైగా గ్రహముల నడుమనున్నది శూన్యమనియు, అచట ఘనపదార్థములు తిరుగుచుండుటకు వీలులేదనియు నాటివారి యభిప్రాయము. మబ్బులో రాయి పుట్టదు. శూన్యములో రాయి ఉండదు. ఇక రాయి ఎచటినుండి వచ్చును? వారి తర్కములో లోపములేదు. వారు సాక్షులను వినలేదు. తప్పు అచట నున్నది.

మన దేశమున ఈ చిక్కు ఈ రూపమున రాలేదు. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ఉల్కలకొక అధ్యాయమునే కేటాయించి, వాటిని ధిష్ణ్య, ఉల్క, అశని, విద్యుత్తు, తార అని అయిదు విధములుగా విభజించెను. అందులో అశని మహాధ్వనితో మనుష్యులమీదను, ఏనుగులమీదను, ఇండ్లమీదను, చెట్లమీదను పడి భూమిని చీల్చునని చెప్పెను. ఆకాశమునుండి పడునది నేలను తాకునని ఆయనకు సందేహము లేదు. కాని దానిని శకునముగా చూచెనే గాని, అది ఏమి పదార్థమని విచారింపలేదు. కనుక మనమే ముందు కనుగొంటిమని మీసము దువ్వుటకు నేను సిద్ధముగా లేను.

విచారించినవాడు జహాంగీరు చక్రవర్తి. 1621వ సంవత్సరము ఏప్రిలులో పంజాబులోని జలంధరు పరగణాలో తెల్లవారుజామున తూర్పున గొప్ప ధ్వని పుట్టి, వెలుగు నేలమీద పడినదని ఆయన స్వీయచరిత్రలో వ్రాసెను. జలంధరు అధికారి ముహమ్మద్ సయీదు గుఱ్ఱమెక్కి ఆ చోటికి పోయి చూడగా, కొన్ని గజముల మేర పచ్చిక యంతయు కాలియుండెను. త్రవ్వించినకొలది వేడి హెచ్చినదట. చివరకు ఒక ఇనుపముద్ద దొరకినది. అది చక్రవర్తి కడకు చేరినది. ఆయన దానిని తూయించెను: 160 తులములు. దావూదు అను కమ్మరికి ఇచ్చి కత్తులు చేయుమనెను. ఒంటరిగా అది సుత్తిదెబ్బకు నిలువక పొడియగుచుండుటచేత, మూడుపాళ్లు ఆ ఇనుమును ఒకపాలు మామూలు ఇనుమును కలిపి రెండు ఖడ్గములును, ఒక ఖంజరును, ఒక చురకత్తియు చేసినాడు. ఆ చురకత్తి నేడు అమెరికాలోని వాషింగ్టను నగరమున మ్యూజియములో నున్నది. వేడిని గూర్చిన మాట కొంత పెంచి చెప్పినదని నా యనుమానము. కారణము ముందు చెప్పెదను. కాని చోటు, దినము, అధికారి, తూకము, కమ్మరి పేరు, కలిపిన పాళ్లు, అన్నియు వ్రాసిపెట్టిన ఈ పద్ధతిని చూడుడు. లూసే రాతికి నూటయేబది సంవత్సరముల ముందటి మాట యిది. ఐరోపా పండితులు దీనిని చదివియుండలేదు.

ఇక అగ్నిగోళమొక యెత్తు, రాయి యొక యెత్తు. ఈ రెండును ఒకటేనని నాటివారెవరికిని తోచలేదు. 1783 ఆగస్టు 18వ తేదీ రాత్రి తొమ్మిదింబావు దాటిన పిమ్మట ఇంగ్లండులోని విండ్సరు కోట మిద్దెమీద కొందరు మిత్రులు నిలిచి మాటాడుకొనుచుండిరి. వారిలో టైబీరియస్ కవాల్లో అను భౌతికశాస్త్రజ్ఞుడును, థామస్ శాండ్బీ అను చిత్రకారుడును ఉండిరి. ఉత్తరదిక్కున దిగంతము చెంత ఒక వెలుగు పుట్టి, నీలివన్నె గోళమై, తూర్పునకు సాగి, విరిగి తోకలుగా చీలిపోయినది. అట్టి దృశ్యము చూచినవారు వెంటనే లోపలికి పోయి ఇంటిల్లిపాదికి చెప్పుదురు. కవాల్లో అట్లు చేయలేదు. ధ్వని వచ్చునేమోయని నిలిచి గడియారము చూచుకొనెను. సుమారు పది నిమిషములకు దూరపు ఉరుమువంటి ధ్వని వచ్చినది. ధ్వని వేగమును బట్టి లెక్కకట్టి, ఆ గోళము విరిగినచోటు తమకు 130 మైళ్ల దూరమున, నేలకు 56 మైళ్లకు పైయెత్తున నుండెనని తేల్చెను.

ధ్వనితో బ్రతుకు వెళ్లదీయు మావంటివారికి ఆ పది నిమిషముల నిరీక్షణము మిక్కిలి ప్రియమైనది. వెలుగు చూచి వేయిమంది మురిసిరి. చెవియొగ్గి కాచుకొన్నవానికే దూరము తెలిసినది.

రెంటిని ముడిపెట్టినవాడు కూడ ధ్వనిశాస్త్రజ్ఞుడే కావుట విశేషము. జర్మనీలోని విట్టెన్‌బెర్గు వాసియైన ఎర్నెస్టు ఖ్లాడ్ని పేరు ఫిజిక్సు చదివిన పిల్లలు వినియుందురు. పలకమీద ఇసుక చల్లి, పలక అంచును ఫిడేలు కమానుతో లాగినచో ఆ ఇసుక వింతవింత ముగ్గులుగా తీరును. వాటికి ఈయన పేరే. ఈయన తండ్రి న్యాయశాస్త్రాచార్యుడు. కుమారుడు సైన్సు చదువుదునన్నను వినక లా చదివించెను. ఆ చదువు వృథా కాలేదు. 1793లో గట్టింగెన్‌లో లిఖ్టెన్‌బెర్గు అను ప్రొఫెసరుతో అగ్నిగోళములను గూర్చి ముచ్చటించిన పిమ్మట, ఖ్లాడ్ని అచటి గ్రంథాలయములో మూడువారములు కూర్చుండి, పాత పుస్తకములలో అగ్నిగోళములను చూచినవారు, రాళ్లుపడుట చూచినవారు చెప్పిన వృత్తాంతములన్నియు ప్రోగుచేసెను. పిమ్మట వాటిని న్యాయవాది కన్నుతో చదివెను. వేరువేరు దేశములవారు, వేరువేరు శతాబ్దములవారు, ఒకరినొకరు ఎరుగనివారు, చదువురానివారు ఒకేవిధమైన సంగతులు చెప్పుచున్నారు: వెలుగు, గర్జన, నల్లనిపొర గల బరువైన రాయి. కూడబలుకుకొనుటకు వీలులేని సాక్షులు ఏకవాక్యముగా చెప్పినచో ఆ మాటను కోర్టు త్రోసివేయదు. 1794లో ఆయన ప్రకటించిన 63 పుటల చిన్నపుస్తకము సారాంశమిది: అగ్నిగోళములు భూమికి వెలుపలనుండి వచ్చు ఘనపదార్థములు, వాటి శేషములే ఈ రాళ్లును, ఇనుపముద్దలును.

పుస్తకమును పలువురు ఒప్పుకొనలేదు. కాని ఆకాశము ఖ్లాడ్ని పక్షమున నిలిచినదా యనునట్లు, ఆ సంవత్సరము జూన్ 16వ తేదీన ఇటలీలోని సియెనా చెంత రాళ్లుపడినవి. అంతకు ముందునాడే వెసూవియస్ అగ్నిపర్వతము బ్రద్దలైయుండుటచేత అవి అచటినుండి ఎగిరివచ్చినవని కొందరు చెప్పిరి. సియెనాకును వెసూవియస్‌కును ఎంత దూరమో చూచికొనలేదు. 1795 డిసెంబరు 13వ తేదీన ఇంగ్లండులో యార్కుషైరునందు ఒక దున్నువాని చెంత 56 పౌనుల రాయి పడినది. ఆ భూమి యజమాని సాక్షులచే ప్రమాణములు చేయించి, రాతిని లండనుకు తెచ్చి, షిల్లింగు రుసుముతో జనులకు చూపెను. అది ఐసులాండులోని హెక్లా అగ్నిపర్వతమునుండి వచ్చినదేమో యనిరి. పిడుగు, మబ్బు, అగ్నిపర్వతము: ఈ మూడు సాకులును చేతియందుండినంతకాలము రాయి ఆకాశపురాయి కాజాలదు.

ఇప్పుడు మరల కాశీకి పోదము.

డిసెంబరు 19వ తేదీ రాత్రి వెలుగు కాశీలోనే గాక జౌనుపూరులోను మిక్కిలి స్పష్టముగా కనబడినది. పెద్ద నిప్పుబంతియనియు, సరిగా కూడిరాక అటొకటి ఇటొకటిగా ప్రేలిన తుపాకుల వరుసవంటి చప్పుడు వచ్చినదనియు అచటివారు చెప్పిరి. కొలది దినములకే గోమతి నదికి ఉత్తరమున నున్న క్రాఖుత్ అను పల్లె చుట్టుపట్ల రాళ్లుపడినవని వార్త వచ్చినది. డేవిస్ ఒక తెలివిగల మనిషిని ఆ పల్లెకు పంపెను. తమకు దొరకిన రాళ్లను కొన్నింటిని పగులగొట్టితిమనియు, మిగిలినవి తహసీల్దారుకును ఇతరులకును ఇచ్చివేసితిమనియు పల్లెవారు చెప్పిరి. "మీకు కావలెనన్నచో పొలములలో వెదకుకొనుడు. పైరు ఇంకను రెండుమూడంగుళములే లేచినది. ఎచట మన్ను క్రొత్తగా పెల్లగిలియున్నదో అచట చూడుడు" అని దారి చూపిరి. అతడట్లే పోయి నాలుగు రాళ్లు తెచ్చెను. అవి సుమారు ఆరంగుళముల లోతున, ఒకదానికొకటి నూరుగజముల యెడముగా, ఇటీవల నీరుపెట్టిన మళ్లలో దిగియున్నవి.

ఆ రాత్రి ఏమి జరిగినదని అడుగగా, సుమారు ఎనిమిది గంటలకు ఇండ్లలో చేరియుండగా ఆకాశమునుండి గొప్ప వెలుగు వచ్చినదనియు, ఉరుమువంటి ధ్వని పుట్టినదనియు, వెంటనే దాపున బరువైనవి పడుచున్న చప్పుడు వినబడినదనియు చెప్పిరి. ఇందులో దేవతల ప్రమేయమేమైన నుండునో యేమోయని రాత్రి బయటికి రాలేదట. తెల్లవారిన పిమ్మట పొలములలో మన్ను లేచియుండుట చూచి, త్రవ్వి, రాళ్లు కనుగొనిరి. ఈ మాటలు చదివినప్పుడెల్ల నాకు ఆ పల్లెవారిమీద గౌరవము కలుగును. భయపడితిమని దాచలేదు, దేవతను చూచితిమని కల్పింపలేదు. చూచినది చూచినట్లు, విన్నది విన్నట్లు చెప్పి, పైరు ఎత్తుతో సహా గుర్తుచెప్పిరి.

ఆ పల్లె దాపున మెక్లేన్ అను దొర కాపురముండెను. వాని ఇంటికి కాపలాకాయు చౌకీదారు మరునాటి ఉదయమున ఒక రాయి తెచ్చి యిచ్చెను. అది తన గుడిసె పైకప్పు చీల్చుకొని వచ్చి, గట్టిపరచిన మట్టినేలలో అంగుళములకొలది దిగినదని చెప్పెను. పగులగొట్టకముందు అది రెండు పౌనులకు మించియే యుండును. లూసే రాతివలె ఇది మొదటినుండి నేలలోనే యుండి పిడుగుపడి నల్లబడినదని ఎట్లనగలరు? గుడిసె కప్పున రంధ్రమున్నది!

ఈ విషయములన్నియు సేకరించి ఇంగ్లండునకు లేఖ వ్రాసినవాడు కాశీలోనే యున్న జాన్ లాయిడ్ విలియమ్స్. ఆయన రెండు సంగతులు ప్రత్యేకించి చెప్పెను. ఆ నెల 11వ తేదీ మొదలుకొని ఆకాశమున మబ్బుతునుకయైనను లేదు. తరువాత కూడ చాలదినములు లేదు. హిందూస్థానపు ఈ భాగమున అగ్నిపర్వతము లేదు. ఇట్టి రాయియు ఆ ప్రాంతమున మరెచటను లేదు. పైన చెప్పిన మూడు సాకులును ఒక్క లేఖతో కొట్టుకొని పోయినవి. అంతకుమించి, అగ్నిగోళమును చూచినవారును రాయిపడుట తెలిసినవారును ఒకే రాత్రి, ఒకే గంటకు సాక్ష్యమిచ్చిరి. యార్కుషైరులో వెలుగు లేదు. విండ్సరులో రాయి లేదు. ఇచట రెండును ఉన్నవి.

డేవిస్‌ను గూర్చి ఒక మాట చెప్పక ముందుకు పోలేను. ఆయన మన సూర్యసిద్ధాంతమును చదివి, గ్రహణములు లెక్కించు విధానమును గూర్చి ఆసియాటిక్ రిసెర్చెస్ పత్రికలో 1790లో వ్యాసము ప్రకటించినవాడు. నీడను చూడగనే దాని విలువ తెలియుటకు ఆ చదువు తోడ్పడియుండును. అగ్నిగోళము కనబడిన నెలలోపుగనే, 1799 జనవరి 14వ తేదీన, పదవీభ్రష్టుడైన అయోధ్య నవాబు వజీరలీ కాశీలో తిరుగుబాటు చేసి, ఛెర్రీ అను దొరను చంపి, డేవిస్ ఇంటిమీదికి వచ్చెను. డేవిస్ భార్యాబిడ్డలను మిద్దెమీదికి చేర్చి, ఇరుకైన మెట్లదారి పైభాగమున ఒక్క బల్లెముతో నిలిచి, దండు వచ్చువరకు కాచుకొనెను. ఆయన ఆనాడు కూలిపోయియున్నచో తివాచీమీద పడిన నీడల కథ ఏమగునో యని తోచును.

రాళ్లు లండను చేరినవి. రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్ ప్రోత్సాహముతో ఎడ్వర్డు హోవర్డు అను యువ రసాయనికుడు వాటిని పరీక్షింపబూనెను. (చక్కెర మిల్లులలో పానకమును తక్కువ వేడితో చిక్కబరచు వాక్యూం పాన్ తరువాతికాలమున ఈయనయే కనిపెట్టెను.) ఫ్రాన్సునుండి కట్టుబట్టలతో వలసవచ్చిన బూర్నోన్ ప్రభువు ఖనిజశాస్త్రములో దిట్ట; ఆయన తోడయ్యెను. కాశీ రాయి, సియెనా రాయి, యార్కుషైరు రాయి, బొహీమియాలో 1753లో పడిన రాయి, నాలుగింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిరి. లవోయిజే రాతినంతయు కలిపి పొడిచేసినాడు. వీరు అట్లుగాక రాతిలోని భాగములను దేనికదిగా వేరుచేసిరి. ఇనుపరేణువులను విడదీసి చూడగా అందులో నికెలు కనబడినది. నాలుగింటిలోను నికెలు. సైబీరియాలో దొరకిన పెద్ద ఇనుపముద్దలోను నికెలు. భూమిమీద మామూలు ఇనుపరాతిలో అట్టి కలయిక లేదు. కాశీ రాతిలో బూర్నోనుకు మరియొక వింత కనబడినది: రాతిపొడిలో పొదిగినట్లు చిన్నచిన్న గుండ్రని గుళికలు. అవి యేమో నాడు తెలియదు. సూర్యకుటుంబము రూపుదాల్చుచున్న కాలమున కరగి, చల్లారిన బిందువులని నేడు తెలియును. వాటి వయస్సు సుమారు 456 కోట్ల సంవత్సరములు. చౌకీదారు గుడిసెలో పడినది హిమాలయములకంటె, గంగకంటె, ఈ భూమిమీద దొరకు ఏ రాతికంటెను ముసలిది.

1802 ఫిబ్రవరి 25వ తేదీన హోవర్డు ఈ ఫలితములను రాయల్ సొసైటీలో చదివెను. మరుసటి సంవత్సరము ఏప్రిలు 26వ తేదీ మధ్యాహ్నము ఫ్రాన్సులోని లేగిల్ పట్టణము చెంత సుమారు మూడువేల రాళ్లు కురిసినవి. ఈసారి ప్రభుత్వము బియో అను యువశాస్త్రజ్ఞుని పంపినది. ఆయన దూరపు ఊళ్లనుండి మొదలిడి, బండివాండ్రను, మతగురువులను, రైతులను ప్రశ్నించుచు దగ్గరకు వచ్చి, రాళ్లుపడిన నేలను కొలిచి పటము గీసెను. ఆ నివేదికతో పారిస్ పండితుల మౌనము వీడినది. రాళ్లు చంద్రునిలోని అగ్నిపర్వతములనుండి వచ్చునేమో యని లాప్లాసు వంటివారు తరువాత కొంతకాలము తర్కించిరి గాని, అవి పడుట నిజమేనా యను ప్రశ్న మరల తలయెత్తలేదు.

ఈ నిప్పుబంతి యేమిటో కొంచెము చెప్పెదను. గ్రహశకలములనుండి విడివడిన తునుక సెకనుకు 11 మొదలు 72 కిలోమీటర్ల వేగముతో భూవాతావరణమున చొరబడును. సుమారు నూరు కిలోమీటర్ల యెత్తున వెలుగు మొదలగును. దానిముందు గాలి అణగి వేలడిగ్రీలకు కాగును. రాతి పైభాగము కరగి ఊడిపోవుచుండును. ఇరువది కిలోమీటర్ల యెత్తునకు దిగునప్పటికి, మిగిలిన ముక్కల వేగము తగ్గి వెలుగు ఆరిపోవును. అచటినుండి అవి చీకటిలో నిమిషములకొలది పడును. కరగిన పొర ఈలోగా చల్లారి మిల్లీమీటరు మందపు నల్లని పెంకు అగును. లోపలికి వేడి పోవుటకు వ్యవధియే లేదు. జహాంగీరు గ్రంథములోని వేడిని గూర్చి నేను అనుమానించుట ఇందుకే.

"ఆ చెరువుగట్టు వెనుకనే పడినది" అని చూచినవారు ప్రమాణము చేయుదురు. అది కంటికి కలుగు భ్రమ. నిజముగా అది రెండుమూడు జిల్లాల అవతల నుండవచ్చును. కనుక చూచినవారు దూరము చెప్పుటకంటె, ఏ చెట్టునకు పైగా మొదలై ఏ ఇంటి కప్పునకు పైగా ఆరినదో గుర్తుపెట్టుకొనుట మేలు. నిలిచినచోటును, గడియారమును చూచుకొని, కవాల్లోవలె ధ్వనికై వేచియుండవలెను. అయితే కిటికీ అద్దము చెంత కాదు. 2013 ఫిబ్రవరి 15వ తేదీన రష్యాలోని చెల్యాబిన్స్కు నగరముపై సూర్యునివంటి వెలుగు కనబడగా జనులు వింతచూచుటకు కిటికీలకడ చేరిరి. రెండు నిమిషములు దాటిన పిమ్మట ధ్వనితరంగము వచ్చి అద్దములను పగులగొట్టినది. సుమారు 1500 మంది గాయపడిరి. రేడియో గలవారికి మరియొక ముచ్చట: ఉల్క పోయినదారిలో గాలి విద్యుదావేశము పొంది కొన్ని క్షణములు రేడియో తరంగములను అద్దమువలె త్రిప్పిపంపును. ఎఫ్.ఎం. రేడియోలో మామూలుగా వినరాని దూరపు కేంద్రము పాట ఒక్కచరణముపాటు వినబడి మాయమైనచో, ఆ పాట ఉల్క తోకను తాకి వచ్చినదై యుండవచ్చును.

తెలుగునేలకు కూడ ఇట్టి అతిథులు వచ్చిరి. 1852లో నెల్లూరు చెంత యాటూరు అను గ్రామములో 13 కిలోలకు పైబడిన రాయి పడినది. 1870లో నాటి విశాఖపట్టణము జిల్లాలో, పార్వతీపురము చెంతనున్న నెడగల్లు ప్రాంతములో సుమారు నాలుగున్నర కిలోల ఇనుపముద్ద పడినది. రాళ్లుపడుట చూచినవారు లోకములో చాలమంది కలరు గాని, ఇనుముపడుట చూచిన సందర్భములు మిక్కిలి తక్కువ. మన ఉత్తరాంధ్ర రైతులకు ఆ భాగ్యము దక్కినది. శాస్త్రజ్ఞుల పట్టికలలో ఆ లోహమునకు నేటికిని నెడగల్లు అను ఊరిపేరే.

క్రాఖుత్ రాళ్లలో కొన్ని తునుకలు లండను మ్యూజియములో భద్రముగా నున్నవి. విలియమ్స్ లేఖలో జడ్జీ డేవిస్ పేరున్నది. మెక్లేన్ దొర పేరున్నది. గుడిసె కప్పు తూటుపడి, మరునాటి ఉదయమున రాయి చేతబట్టుకొని దొర ఇంటికి వచ్చిన చౌకీదారు పేరు మాత్రము అందులో లేదు.